పాత మాటను కొత్త మాట ఎలా తోస్తుంది: నల్గొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ జిల్లా బడుల్లో ఇరవై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పాను. ఆలోచనలు ఎలా పాకుతాయి, ఒకటి మరొకదాని చోటును ఎలా ఆక్రమిస్తుంది అన్నదానికి పాఠ్యపుస్తకంలో విడిగా పాఠం లేదు. అయినా పిల్లలు, తోటి ఉపాధ్యాయులు, టీకొట్టు దగ్గర కూర్చునే పెద్దమనుషులు తిప్పితిప్పి అడిగేది దీని గురించే. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలను ఇక్కడ రాస్తున్నాను. జవాబుల్లో నా మొగ్గు కనిపిస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు.

ఆలోచనలు పోటీ పడడం ఏమిటి? అవేమైనా పందెం కోళ్లా?

పందెంలో ఓడిన కోడి కూరవుతుంది. ఓడిన ఆలోచన మాత్రం ఇల్లు మారుతుంది.

ఒకసారి ఆరో తరగతి పిల్లవాడు పక్కవాడి కొత్త సైకిలుకు కట్టిన రంగు కాగితాలు చూసి "చారాణా కోడికి బారాణా మసాలా" అన్నాడు. బారాణా అంటే ఎంత అని అడిగాను. "పన్నెండు రూపాయలు సార్" అన్నాడు. బారాణా అంటే పన్నెండు అణాలు, అంటే డెబ్బై అయిదు పైసలు. పదహారు అణాల రూపాయి 1957 ఏప్రిల్ 1న నూరు పైసల రూపాయిగా మారింది. చారాణాతో సమానమైన పావలా బిళ్ల కూడా 2011 జూన్ 30 తరవాత చెల్లకుండా పోయింది. అణాలను ఎన్నడూ చూడని పిల్లవాడి నోట్లో అణాలు హాయిగా బతుకుతున్నాయి. సంత నుంచి, సర్కారు లెక్కల నుంచి వాటిని గెంటేశాక వచ్చి సామెతలో కాపురం పెట్టాయి.

ఇక పోటీ ఎందుకంటారా? చోటు తక్కువ కాబట్టి. బిడ్డకు ఒక పేరే పెడతారు. ఎకరంలో ఒక కారుకు ఒక పంటే ప్రధానంగా వేస్తారు. ఎదుటి మనిషిని ఒక విధంగానే పలకరిస్తారు. ఒకటి అక్కడ కూర్చుందంటే ఇంకొకటి లేచిందన్నమాట.

మీమ్ అంటే ఫోనులో వచ్చే నవ్వుల బొమ్మ కదా? దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

ఆ మాటను 1976లో రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త పుట్టించాడు. జన్యువు ఒక తరం నుంచి ఇంకో తరానికి నకలు అయినట్టు, పాటల వరసలు, వేషధారణలు, కుండలు చేసే పద్ధతులు ఒక బుర్ర నుంచి ఇంకో బుర్రకు నకలు అవుతాయని, వాటిలో బాగా నకలయ్యేవి మిగులుతాయని అతని ఊహ. ఆ మాటకే తరవాత ఈ గతి పట్టింది. పుట్టించినవాడు ఒక అర్థం ఇస్తే జనం నవ్వుల బొమ్మకు అతికించారు.

ఆ ఊహతో నాకు సగమే పొత్తు. మనిషి బుర్ర జిరాక్సు యంత్రం కాదు. 1932లో బార్ట్‌లెట్ అనే ఆంగ్ల మనస్తత్వవేత్త, ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి తన దేశంవాళ్లకు ఇచ్చి, గుర్తున్నది మళ్లీ చెప్పమన్నాడు. చెప్పిన కొద్దీ వాళ్లకు వింతగా తోచినవి రాలిపోయాయి, ఆదివాసుల దోనెలు మామూలు పడవలయ్యాయి. విన్నవాడు తన ఇంటి సామానుతో కథను మళ్లీ కట్టుకుంటాడు.

పోచంపల్లి చీర చూపిస్తే ఇది తొందరగా అర్థమవుతుంది. చీరాల వైపు నుంచి వచ్చిన విద్య అది. నూలును ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తరవాత నేస్తారు. చూసి, చేసి, చేతికి పట్టించుకుంటేనే వస్తుంది. అదే డిజైనును బట్ట మీద అచ్చు వేయడానికి ఏ ముడీ కట్టనక్కరలేదు. అంగట్లో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి. చీర అంచు తిప్పి చూడండి. నేసినదైతే వెనకవైపు కూడా అదే రంగు, పూల అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసినదైతే వెనక వెలవెలబోతుంది, అంచులు మాత్రం గీత గీసినట్టు ఉంటాయి. మొదటి దానిలో నకలైంది పని, రెండో దానిలో నకలైంది రూపు. రూపు గుర్రంలా పరిగెడుతుంది, పని నడిచే వస్తుంది. ఒకే పేరు మీద రెండూ ఒకే అంగడికి వస్తే ఏది నిలుస్తుందో నేత కుటుంబాలను అడగాలి. వాళ్ల జవాబు అంత సంతోషంగా ఉండదు.

చివరికి నిజమే గెలుస్తుందా?

గెలవాలని నాకూ ఉంది. నల్గొండలో పుట్టినవాడికి ఆ మాట అనడం కష్టం.

ఫ్లోరైడు సంగతి తీసుకోండి. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్లు గారపట్టి, ఎముకలు వంగుతాయని మన దేశంలో 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. మర్రిగూడ, నాంపల్లి మండలాల ఊళ్లలో వంగిన కాళ్లు చూడని మా తరం మనిషి లేడు. దేవుడి శాపమనీ, వంశంలో ఉన్నదనీ, ఏదో చూపు తగిలిందనీ అన్నారు. ఈ మాటల మధ్యలోకి 'నీళ్లు' అన్న నిజం వచ్చింది.

దానికి విరుగుడు కూడా మన జిల్లా పేరు మీదనే ఉంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసిన నల్గొండ పద్ధతి అది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తిప్పి, తేరనిచ్చి, అడుగున చేరిన మడ్డిని పారబోసి, పైనీళ్లు తాగాలి. చవక, సులువు. అయినా ఇంటింటా అలవాటుగా నిలవలేదు. కారణం కుండలోనే ఉంది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మా అవ్వ నీటిని నాలుకతో, కంటితో పరీక్షించేది. తియ్యగా, తేటగా ఉంటే మంచి నీళ్లు, ఉప్పగా ఉంటే చెడ్డవి. ఆ పరీక్షలో ఫ్లోరైడు నీళ్లు ఎన్నోసార్లు మొదటి మార్కులతో నెగ్గాయి. రోజూ పటిక కొలిచి కలిపిన ఇల్లాలికి ఈరోజు కంటికి కనిపించే లాభం ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్ల తరవాత రాని జబ్బును ఎవరు చూస్తారు?

కృష్ణా నీళ్లు కుళాయిలో వచ్చాక ఎవరికీ ఏదీ నమ్మించాల్సిన పని లేకుండా పోయింది. ఎవరూ కొత్తగా ఒప్పుకోకుండానే పాత బోరుబావి వెనకబడింది. ఇది నేను నేర్చుకున్న ముఖ్యమైన పాఠం: చాలాసార్లు ఓడేది అభిప్రాయం కాదు, ఆ అభిప్రాయాన్ని మోసే రోజువారీ పని.

మరి గెలిచేది ఏది?

పక్కింటాయన చేలో కనిపించేది.

అమెరికాలో అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం ఎలా పాకిందో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు 259 మంది రైతులను అడిగి 1943లో అచ్చువేశారు. ఇద్దరు తప్ప మిగిలినవాళ్లంతా 1928-1941 మధ్య ఆ విత్తనానికి మారారు. చాలామందికి మొదట చెప్పినవాడు విత్తనాలు అమ్మేవాడు. ఒప్పించినవాడు మాత్రం ఇరుగుపొరుగు రైతు. మొదట్లో మెల్లగా, మధ్యలో పరుగు, చివర మళ్లీ మెల్లగా, ఇదీ దాని నడక.

మన దగ్గర పత్తి అచ్చంగా ఇలాగే వచ్చింది. కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ తరవాత జొన్న చేలు, ఆముదం చేలు పత్తి చేలుగా మారడం కళ్ల ముందే చూశాం. వ్యవసాయ అధికారి కరపత్రం ఇచ్చాడు, ఎరువుల దుకాణంవాడు అప్పు ఇచ్చాడు, గట్టు అవతలి రైతు ట్రాక్టరు నిండా తెల్ల బంగారం తెచ్చుకున్నాడు. ఈ మూడింటిలో మూడోదే మాట్లాడింది. అవతలి ఏడాది అదే రైతు నష్టపోతే ఆ మాట అంత గట్టిగా వినపడదు, ఎందుకంటే నష్టపోయినవాడు కొట్టు దగ్గర కూర్చుని చెప్పుకోడు.

మా పిల్లల పేర్లు ఎందుకు ఇలా మారిపోయాయి?

హాజరు పట్టీ కన్నా మంచి చరిత్ర పుస్తకం నేను చూడలేదు. బడి బీరువా అడుగున ఉన్న పాత పట్టీ తెరిస్తే యాదగిరి, యాదయ్య, యాదమ్మ, నర్సింహ, లింగయ్య, జంగయ్య, సైదులు, మల్లమ్మ. పాలమూరు వైపు వెళ్తే కురుమూర్తి, కురుమయ్య. ప్రతి పేరు వెనక ఒక గుట్టో గుడో దర్గానో ఉంది. యాదగిరిగుట్టకు మొక్కుకుంటే యాదయ్య, కురుమూర్తి జాతరలో మొక్కుకుంటే కురుమయ్య, జానపహాడ్ దర్గాకు మొక్కుకుంటే సైదులు. ఆ సైదులు హిందువుల ఇంటి పిల్లవాడే, ఎవరికీ అది వింత కాలేదు. పేరు ఒక రసీదు లాంటిది, మొక్కు తీరిందని.

ఇప్పటి పట్టీలో రెండక్షరాల పేర్లు. ఏ దేవుడివో, ఏ ఊరివో చెప్పలేం. నల్గొండలో పెట్టిన పేరే నాసిక్‌లోనూ చెల్లుతుంది. కొత్త పేరు ముందు యాదయ్యకు ఒక్కటే లోపం, ఆ పేరు వినగానే ఊరు తెలిసిపోవడం. పట్నంలో ఉద్యోగానికి వెళ్లిన తొలి తరానికి అదే బరువైంది. తనకు లేకపోయినా తన బిడ్డకు తప్పించాలనుకున్నారు. తప్పు పట్టను. నా పిల్లల పేర్లూ అలాంటివే.

అయితే గుట్టకు మొక్కడం ఆగలేదు. పుట్టువెంట్రుకలు ఇప్పటికీ అక్కడే తీస్తారు. పేరు పట్టీలో నుంచి లేచిపోయి, మొక్కు గుండులో మిగిలింది.

రెండు పోటీ ఆలోచనలు ఒకే ఇంట్లో ఉండగలవా?

ఉండగలవు, పదిహేడు వందల ఏళ్ల కిందటే ఉన్నాయి. కృష్ణ ఒడ్డున విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వాశిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. అతని తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలు చేసిన మనిషి. రాజు యజ్ఞం దగ్గర, రాణివాసం స్తూపం దగ్గర. దాన్ని గొడవ అనుకోలేదు, పని విభజన అనుకుని ఉంటారు. ఆ కట్టడాలు ఉన్న లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. మునగకముందు తవ్వి తీసి కొండ మీదకు చేర్చినవాటిని లాంచీ ఎక్కి వెళ్లి చూడవచ్చు.

అంత దూరం వద్దనుకుంటే హిందువులు, ముస్లిములు కలిసి చేసే మీ ఊరి పీర్ల పండుగ చూడండి.

అలాంటప్పుడు బౌద్ధం, జైనం మన ఊళ్ల నుంచి ఎందుకు పోయాయి? కొట్టి వెళ్లగొట్టారా?

అక్కడక్కడ ఘర్షణలు జరిగాయి, కథల్లోనూ ఉన్నాయి. అయితే నా దృష్టిలో అసలు కారణం మోసేవాళ్లు ఎవరన్నది. ఫణిగిరి గుట్ట మీది విహారాన్నైనా, విజయపురి విహారాలనైనా పోషించింది రాజకుటుంబాలు, వర్తకులు. రాజ్యం పడిపోయి, సార్థవాహుల, అంటే బిడారు వర్తకుల, రాకపోకలు తగ్గితే భిక్షువుకు అన్నం పెట్టే చేయి వెనక్కి పోయింది. ఊరి పెళ్లికీ చావుకూ బౌద్ధ సన్యాసి అవసరం అంతగా లేనందున, ఆయన వెళ్లిపోతే ఊరి పని ఏదీ ఆగలేదు.

కొలనుపాక దీనికి ఇంకో పక్క చూపిస్తుంది. అక్కడ పేరున్న జైన మందిరం ఉంది, వీరశైవులు తమ రేణుకాచార్యుడి పుట్టుకతో ముడిపెట్టే సోమేశ్వరాలయమూ ఉంది. ఒకే ఊళ్లో రెండు దారులు. కాకతీయుల కాలపు పాల్కురికి సోమనాథుడు శివభక్తుల కథలను ద్విపదలో, అందరికీ తెలిసిన తెలుగులో చెప్పాడు. ద్విపద అంటే రెండు పాదాల నడక. నాట్లు వేస్తూ పాడుకోవచ్చు, చదువు రాకపోయినా నోటికి వస్తుంది. పండితుడి అవసరం లేకుండా ప్రయాణించే ఆలోచనకు ఖర్చు తక్కువ. ఎదుటి పక్షం గ్రంథాలు ఎంత గొప్పవైనా, వాటిని చదివి చెప్పే మనిషిని కూడా వెంట తీసుకెళ్లాలి.

'బాంచన్ నీ కాల్మొక్తా' అన్న మాట ఎలా పోయింది?

'నీ బానిసను, నీ కాళ్లు మొక్కుతాను' అని దొర ముందు వంగి అనే మాట అది. ఇది నన్ను ఎక్కువమంది పెద్దలు అడిగిన ప్రశ్న. పిల్లలు అడగరు, వాళ్లకు ఆ మాటే తెలియదు.

ఒక లెక్క చెబుతాను. 1978లో గ్రానోవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త ఇలా ఊహించాడు. గుంపులో నూరు మంది ఉన్నారు. ఒకడు ఎవరూ లేకపోయినా ముందుకు వస్తాడు. రెండోవాడు ఒకడు వస్తే వస్తాడు. మూడోవాడు ఇద్దరు వస్తే వస్తాడు. ఇలా వరస సరిగ్గా ఉంటే నూరు మందీ కదులుతారు. ఆ రెండోవాడిని తీసి ఇద్దరు వస్తే తప్ప రానివాడిని అక్కడ పెట్టండి, మొదటివాడు ఒంటరిగా మిగిలిపోతాడు. రెండు గుంపుల్లోనూ మనుషుల మనసులు దాదాపు ఒకటే. ఫలితం మాత్రం ఒకచోట తిరుగుబాటు, ఒకచోట ఒక పిచ్చివాడు.

దొర ఎదురుగా నడుము వంచకుండా నిలబడిన మొదటివాడు కచేరీలో దెబ్బలు తింటాడు, వాడి ఎడ్లు పోతాయి. అందుకే లోపల మండుతున్నా అందరూ వంగేవారు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగి, రావి నారాయణరెడ్డి నాయకత్వం కిందికి వచ్చాక ఊళ్లలో దాన్ని 'సంఘం' అనడం మొదలైంది. వెట్టి వద్దు అన్న ఆలోచన సంఘం కన్నా ముందే ప్రతి గుడిసెలో ఉంది. సంఘం తెచ్చింది రెండోవాడిని, మూడోవాడిని. 'నేను ఒక్కణ్ణే కాను' అన్న రుజువు తెచ్చింది. 1946 జులై 4న, అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపాక లెక్క తలకిందులైంది. వంగడమే సిగ్గయింది. బుర్రకథ, గొల్లసుద్దులు ఆ మాటను పత్రిక పోని ఊళ్లకు మోసుకెళ్లాయి. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయంటే ఎంతమంది నడుములు నిటారుగా లేచాయో ఊహించుకోండి.

ఇక్కడే ఇంకో పోటీ కూడా నడిచింది. భూమి గుంజుకుని పంచాలన్నది ఒక ఆలోచన. అడిగి తీసుకోవాలన్నది మరొకటి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానన్నాడు. అదే ఏడాది అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధ పోరాటాన్ని విరమించారు. ఏది గెలిచింది? భూదానం దేశమంతా తిరిగింది, కానీ దానమిచ్చిన భూముల్లో బంజరు ఎంతో, కాగితాల మీదే మిగిలింది ఎంతో అన్న పేచీ ఇప్పటికీ తెగలేదు. పోరాటం ఆగిపోయింది, కానీ పారిపోయిన దొరల గడీలు, ఆ కోటల్లాంటి ఇళ్లు, మళ్లీ మునుపటిలా కాలేదు. భూదానం 'భూదాన్ పోచంపల్లి' అని ఊరి పేరులో చేరింది, పోరాటం జనం నడకలో చేరింది. నన్ను ఎంచుకోమంటే నడకనే ఎంచుకుంటాను.

చట్టం చేస్తే దురాచారం పోతుందా?

ఆడపిల్లను దేవత పేరిట విడిచిపెట్టే జోగిని వ్యవస్థను నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. పాలమూరు పడమటి ఊళ్లలో అది ఆ తరవాత కూడా చాలా ఏళ్లు చాటుగా సాగింది. చట్టం ఊరేగింపును ఆపింది, ఇంటిలోపలి భయాన్ని ఆపడానికి చదువు, పింఛను, ఇతర జోగినుల ధైర్యం కావలసి వచ్చాయి.

పుకారును నిజంతో కొట్టవచ్చా?

నిజం కూడా పుకారు వచ్చిన దారినే వస్తే కొట్టవచ్చు.

2018లో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు వచ్చాయి. ఊళ్లలో రాత్రులు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. తెలంగాణలోనూ అమాయకుల మీద దాడులు జరిగాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపి, జానపద కళాకారుల చేత డప్పు మీద పాట కట్టించి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. పత్రికా ప్రకటనతో సరిపెట్టుకోలేదు. వీడియోకు ముఖం ఉంది, ఏడుపు ఉంది, 'మీ పిల్లలు జాగ్రత్త' అన్న అక్కర ఉంది. దానికి పోటీగా ముఖం లేని ప్రకటన ఏం నిలుస్తుంది? రచ్చబండ దగ్గర తెలిసిన కానిస్టేబులు, తెలిసిన డప్పు, తెలిసిన వరస ఉంటే నిలుస్తుంది. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. గొంతు నొక్కకుండా నడక మందగింపజేయడం అన్నమాట.

పోయిన ఆలోచన తిరిగి వస్తుందా?

వస్తుంది, బట్టలు మార్చుకుని.

జొన్న ఎందుకు పోయిందో ముందు చూడాలి. సాగర్ ఎడమ కాలువ కింద వరి వచ్చింది, మిర్యాలగూడ మిల్లులు వచ్చాయి, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఇవి అందరూ చెప్పేవే. ఇంకొకటి ఉంది. జొన్న గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాక జొన్నకు రెండో కాలు విరిగింది. దానికి తోడు, రోజూ అన్నం తినడం గౌరవమైంది. చుట్టం వస్తే జొన్న గట్క గిన్నె చాటుకు జరిపిన ఇళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు సాయంత్రం అదే జొన్న రొట్టెకు రోడ్డు పక్కన వరస కడుతున్నారు. మొన్న ఒకామె పీట మీద పిండి ముద్ద పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుతూ అంచు పగలకుండా పెద్దది చేస్తోంది. కారు దిగినాయన "షుగరుకు మంచిదే కదమ్మా?" అన్నాడు. ఆమె రొట్టెను పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్ది, "మాకు చిన్నప్పుడు ఇదే ఉండేది సారు, షుగరుందో లేదో ఎవరు చూశారు" అంది. రొట్టె అదే, పిండి అదే. అప్పుడు దాని అర్థం లేమి, ఇప్పుడు దాని అర్థం ఆరోగ్యం. తిరిగి వచ్చింది వంట, పాత ఆలోచన మాత్రం రాలేదు.

మాటల్లో 'దవాఖాన' ఇలాంటిదే. బడిలో 'ఆస్పత్రి' అని దిద్దించారు, దవాఖాన అంటే పల్లెటూరి మొద్దు అన్నట్టు చూశారు. 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు తెరిచాక ఆ మాట సర్కారు బోర్డు ఎక్కి కూర్చుంది. నేను దిద్దించిన పిల్లలకు ఏమని సమాధానం చెప్పను?

చిన్నచూపును ఎదుర్కోవడానికి వాదన కన్నా మంచి ఆయుధం ఉందా?

ఉంది, జాబితా. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మంది కవులను వరసగా నిలబెట్టాడు. ఇంతమందిని చూశాక 'లేరు' అనడానికి నోరు రాదు. 'ఉన్నారు కానీ గొప్పవాళ్లు కారు' అనవచ్చు, అన్నారు కూడా. అది వేరే పోటీ.

మా ఊళ్లో దీన్ని ఎలా గమనించాలి?

మీ ఇంట్లో దాచిన పెళ్లి పత్రికలు మూడు తరాలవి తీసి బల్ల మీద పరచండి. ఏ మాట పోయింది, ఏ మాట చేరింది, ఎవరి పేరు ముందుకు వచ్చింది, ఏది ఎంత చిన్న అక్షరాల్లోకి జరిగింది, చూడండి. పాతదానిలో తిథి పెద్దగా, తారీఖు చిన్నగా ఉంటుంది. కొత్తదానిలో తలకిందులు. పెళ్లికూతురు తల్లి పేరు ఏ ఏట మొదటిసారి కనిపించిందో రాసి పెట్టుకోండి. ఫంక్షన్ హాలుకు దారి చూపే నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఏ ఏట వచ్చిందో కూడా.

పోయిన మాఘమాసంలో నాకు ఒక పాత విద్యార్థి పెళ్లి పత్రిక ఫోనులోనే వచ్చింది. కాగితమే లేదు. అయినా నాలుగు మూలలా పసుపు రాసినట్టు రంగు దిద్ది ఉంది. వేలితో ఒకసారి తడిమి చూశాను, పత్రిక పెద్దదై ఒక మూల తెరంతా నిండిపోయింది.